తొడిమలు తీసేవారికి బల్లలు వేయించండి

సంపాదకులకు నమస్కారాలు.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్, డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా వదిన మోకాళ్ల గురించి, ఆమెలాంటి వందలాది ఆడవాళ్ల మోకాళ్ల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా వదినది ప్రత్తిపాడు దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లుగా మిరప సీజను వచ్చిందంటే తెల్లవారకముందే ఆటో ఎక్కి గుంటూరు వచ్చి తొడిమలు తీస్తుంది. నేల మీద గోనె పట్టా, ఎదురుగా ఎండు మిరపకాయల గుట్ట, ముక్కుకు అడ్డంగా కట్టుకున్న పైట కొంగు. ఎడమ మోకాలు పూర్తిగా మడిచి, కుడి మోకాలు నిలబెట్టి, ఒక్కో కాయా అందుకుని తొడిమ తుంచి పక్కన వేయాలి. కూలి కిలోల లెక్కన ఇస్తారు కాబట్టి మధ్యలో లేస్తే ఆ మేరకు డబ్బు పోయినట్లే. సాయంత్రానికి వేళ్లు మండిపోతాయి. మజ్జిగలో ముంచుకుంటే ఆ మంట తగ్గుతుంది. మోకాళ్లకు అలాంటి ఉపాయం లేదు. కిందటి ఉగాదికి మా ఇంట్లో పీట మీద నుంచి లేస్తూ ఆమె రెండు అరచేతులూ తొడ మీద ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఆగిపోయింది. కీలు కటకటమన్న చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినిపించింది.

ఒక ఆసుపత్రికి వెళితే రెండు నిమిషాల్లో తేల్చేశారు. గుజ్జు అరిగిపోయిందట, వాళ్ల అమ్మకూ ఉండేది కనుక వంశంలోనే ఉందట. ఆ తర్వాత పదిహేను రోజులకు ఒక కల్యాణ మండపంలో కీళ్ల నొప్పుల శిబిరం పెట్టారు. అక్కడివాళ్లు ‘ఎపిజెనెటిక్స్’ అనే మాట వాడి, తమ పొడి జన్యువులను తిరగరాస్తుందని చెప్పి మూడు నెలల కోర్సుకు పద్నాలుగు వేలు తీసుకున్నారు. నాకు తెలిసేసరికి ఆమె డబ్బు కట్టేసింది. చేబదులు తెచ్చిన డబ్బు అది.

ఆ పద్నాలుగు వేల కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టింది మా మేనకోడలి ప్రశ్న. ‘వంశంలో ఉందంటున్నారు కదా అత్తయ్యా, నాకూ వస్తుందా?’ అని అడిగింది. దానికి పాతికేళ్లు. అదీ తల్లి పక్కనే కూర్చుని తొడిమలు తీస్తుంది.

వాళ్లిద్దరికీ చెప్పినదే మీ పాఠకులకూ చెబుతాను. మా వదినకున్న ఈ కీళ్ల జబ్బును ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. అందులో వంశపారంపర్యం పాత్ర ఉన్న మాట నిజమే. కవలల మీద చేసిన అధ్యయనాల ప్రకారం అది సుమారు సగం. మిగతా సగం బతుకులో ఉంటుంది. మోయాల్సిన బరువు, పాత దెబ్బలు, గంటల తరబడి గొంతుకూర్చునే పని, ఒంట్లో చేరిన కొవ్వు అన్నీ అందులోకి వస్తాయి. ఈ రెండు సగాలూ కలిసే చోటును అర్థం చేసుకోవడానికి ఎపిజెనెటిక్స్, అంటే జన్యువు మారకుండానే దాని పనితీరు ఎలా మారుతుందో చెప్పే శాస్త్రం, పనికొస్తుంది. ఆ మాటను 1942లో కాన్రాడ్ వాడింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ప్రతిపాదించాడు.

మా వదినకు కోల్డ్ స్టోరేజీతో పోల్చి చెప్పాను. గిడ్డంగిలో టిక్కీలన్నీ, అంటే మిర్చి బస్తాలన్నీ, ఉంటాయి. ఏది బయటికి రావాలో, ఏది లోపలే ఉండాలో దాని మీది చీటీ చెబుతుంది. చీటీ మారితే సరుకు మారదు గానీ బయటికి వచ్చే సరుకు మారుతుంది. మన దాదాపు ప్రతి కణంలోనూ జన్యువులన్నీ ఉంటాయి. వాటిలో కొన్నింటి మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు ఉంటుంది. జన్యువు మొదట్లో ఆ గుర్తు ఉంటే సాధారణంగా ఆ జన్యువు ఊరుకుంటుంది. గుర్తు ఊడితే పని మొదలుపెట్టే అవకాశం ఉంది.

జనం గుజ్జు అనేది నిజానికి మృదులాస్థి, కీలులో ఎముకల చివర్లను కప్పి ఉంచే నున్నటి పొర. దానికి రక్తనాళాలు లేవు, నరాలు లేవు. అందులో ఉండే కణాలు చాలా కొద్ది. మొత్తం గుజ్జును కాపాడుకోవాల్సింది ఆ కొద్ది కణాలే. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు ఈ జబ్బుతో తుంటి కీలు మార్పిడి చేయించుకున్న రోగుల గుజ్జునూ, జబ్బు లేకుండా తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స చేయించుకున్నవారి గుజ్జునూ పోల్చి చూసి 2005లో ఫలితాలు ప్రచురించారు. గుజ్జును కొరికేసే ఎంజైములు కొన్ని ఉన్నాయి. ఎంఎంపీ-13 వాటిలో ఒకటి. ఆర్థరైటిస్ ఉన్న కణాల్లో ఆ ఎంజైముల జన్యువుల మీద ఉండాల్సిన మిథైల్ గుర్తులు కొన్ని చోట్ల ఊడిపోయి కనిపించాయి. వాపు కలిగించే రసాయనాలను తగిలిస్తే మామూలు కణాల్లోనూ అలాంటి గుర్తులు ఊడతాయని ఆ తర్వాత ప్రయోగశాలలో తేలింది. అంటే గుజ్జు చెప్పు అడుగులా ఊరికే అరగడం లేదు. దాన్ని కాపాడాల్సిన కణమే తీరు మార్చుకుని దాన్ని తినేస్తోంది. ‘అరిగిపోయింది’ అన్న ఒక్క మాటతో రోగిని పంపించేయడం నాకు అందుకే నచ్చదు. అరిగిందంటే ఇక చేయగలిగింది లేదని మనిషి ఆశ వదులుకుంటుంది.

ఇక పొడి సంగతి. ఆస్టియో ఆర్థరైటిస్‌లో ఈ గుర్తులను సరిచేసే మందు ఈ రోజుకు ప్రపంచంలో ఎక్కడా ఆమోదం పొందలేదు. మిథైల్ గుర్తులను మార్చే మందులు కొన్ని రక్తవ్యాధులకూ క్యాన్సర్లకూ ఉన్నాయి. అజాసైటిడిన్ అలాంటిదే. అమెరికాలో దానికి 2004లో ఆమోదం లభించింది. అది ఒంట్లో ఎక్కడెక్కడి గుర్తులనో కదిలిస్తుంది, దుష్ప్రభావాలు తీవ్రం, వైద్యుల పర్యవేక్షణలోనే ఇస్తారు. కల్యాణ మండపంలో డబ్బాల్లో అమ్మేవాళ్లు అదే శాస్త్రం పేరు చెప్పుకోవడం మోసం. దాన్ని మోసం అనే రాయండి.

నిజంగా పనిచేసేవి ఉన్నాయి. తొడ కండరాలు బలపడితే కీలు మీద ఒత్తిడి తగ్గుతుంది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, దాన్ని కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టేదాకా ఉంచి వదలడం మా వదిన రోజూ పొద్దున్నే చేస్తోంది. ఇక బరువు విషయం. లావుగా ఉండి మోకాలి నొప్పితో బాధపడే పెద్దవాళ్ల మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో, కిలో బరువు తగ్గితే వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గింది. ఇది కూడా 2005 నాటిదే. కొవ్వు కేవలం బరువు కాదు, వాపు రసాయనాలను కూడా విడుదల చేస్తుంది. లావుగా ఉన్నవారికి నడకతో సంబంధం లేని చేతివేళ్ల కీళ్లలోనూ ఈ జబ్బు ఎక్కువగా రావడానికి అదీ ఒక కారణం.

కానీ వ్యాయామం చేసి వచ్చి మళ్లీ పది గంటలు నేల మీద మోకాళ్లు మడిచి కూర్చుంటే ఆ మేలంతా ఏమవుతుంది? అందుకే ఈ సీజనులో వడ్రంగితో ఒక బల్ల చేయించాను. కూర్చునే చెక్క పదిహేడు అంగుళాల ఎత్తు. కాయలు పోసుకునే పళ్లెం బల్ల దాని కన్నా తొమ్మిది అంగుళాలు ఎక్కువ, అంచు చుట్టూ కాయలు జారకుండా చిన్న కట్ట. రెండూ కలిపి రెండు వేల ఆరు వందలు అయ్యాయి. మొదటి రెండు రోజులు వదినకు చేయి ఆడలేదు, కిలోలు తగ్గాయి. వారం తిరిగేసరికి ఎప్పటి లెక్క వచ్చింది. సాయంత్రం లేచేటప్పుడు తొడ మీద చేతులు ఆనించడం మానలేదు గానీ కళ్లు మూసుకోవడం మానేసింది. పక్కనున్నవాళ్లు ‘మాకూ ఒకసారి ఇవ్వక్కా’ అంటూ మధ్యాహ్నం వంతులు వేసుకుని కూర్చుంటున్నారట.

ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు మనదని గర్వంగా చెప్పుకుంటాం. ఆ మిరపకాయకు తొడిమ తీసే మనిషి నేల మీదే ఉంది. గోదాముల యజమానులు, కమీషన్ వ్యాపారులు, యార్డు పెద్దలు, కార్మిక శాఖ అధికారులు వచ్చే జనవరిలోగా తొడిమలు తీసే ప్రతి షెడ్డులోనూ బల్లలు వేయించాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. మా మేనకోడలికి నేనిచ్చిన జవాబు కూడా ఇదే. వంశం నుంచి వచ్చినదాన్ని మార్చలేం, కూర్చునే చోటును మార్చగలం.

బల్ల కొలతలు కాగితం మీద గీసి ఈ ఉత్తరంతో జతపరిచాను. అడిగినవారికి ఇవ్వగలరు.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
బ్రాడీపేట, గుంటూరు