గార్డు ఉన్నాడు, ట్రైనింగే లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

వరంగల్, హన్మకొండలో ఏ ప్రైవేటు ఆస్పత్రిలోనైనా గొడవ జరిగి అద్దాలు పగిలితే, తెల్లారి అందరూ అడిగేది ఒకటే, "సెక్యూరిటీ వాళ్లు ఏం చేస్తున్నారు?" అని. నేను సెక్యూరిటీ మేనేజ్‌మెంట్ పనిలోనే ఉన్నాను. ఏ గేటు దగ్గర ఎవరు ఉండాలి, కెమెరా ఎటు చూడాలి, రాత్రిపూట తాళాలు ఎవరి చేతిలో ఉండాలి, ఇవన్నీ చూసి ప్లాన్ రాసివ్వడం నా పని కాబట్టి నాకు తెలిసిన జవాబు చెప్తాను. వాళ్లు బండ్లు పార్కింగ్ చేయిస్తున్నారు, స్ట్రెచర్ తోస్తున్నారు, డాక్టరు గారి కారు తుడుస్తున్నారు. మనం వాళ్లను పెట్టుకున్నదే అందుకు మరి.

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద కేంద్రం 2005లోనే చట్టం తెచ్చింది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే జైలు శిక్ష కూడా ఉంది. ఆ చట్టం కింద కేంద్రం ఇచ్చిన మోడల్ రూల్స్ (నమూనా నిబంధనలు) చూస్తే కొత్త గార్డుకు 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్ ట్రైనింగ్, అది కూడా కనీసం 20 పనిదినాలు ఇవ్వాలి. మన దగ్గర జరిగేది ఏమిటంటే నర్సంపేట వైపు నుంచో పరకాల వైపు నుంచో యాభై దాటిన రైతు ఒకాయన అప్పుల బాధకు పట్నం వస్తాడు, ఇవాళ యూనిఫాం ఇస్తారు, రేపు గేటు దగ్గర నిలబెడతారు, ఆ చొక్కా కూడా ఆయన సైజుది కాదు. ఓనర్లు కొటేషన్ చేతికి తీసుకోగానే "తలకు ఎంత పడుతుంది?" అంటారు. ట్రైనింగ్ మాటెత్తిన ఓనర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. తక్కువకు ఒప్పుకున్న ఏజెన్సీ ఆ తక్కువను ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా, ట్రైనింగ్ ఎగ్గొడుతుంది, పీఎఫ్ ఎగ్గొడుతుంది, ఎనిమిది గంటల డ్యూటీని పన్నెండు చేస్తుంది.

ట్రైనింగ్ ఉంటే ఏం తేడా అంటారేమో. రాత్రి ఒంటిగంటకు యాక్సిడెంట్ కేసు వస్తుంది, వెనకాలే ఆటోల్లో ఇరవై మంది దిగుతారు. ఏమీ నేర్పని గార్డు గేటుకు అడ్డంగా నిలబడి "లోపలికి పోవద్దు" అని అరుస్తాడు, తోపులాట అక్కడే మొదలవుతుంది. పని తెలిసినవాడు అరవడు. ఆ గుంపులో పెద్దమనిషి ఎవరో కనిపెట్టి, "కాకా, నువ్వు రా, ఇంకొకరిని తోడు తెచ్చుకో, మిగతావాళ్లకు ఇక్కడ కుర్చీలు వేయిస్తా" అంటాడు. పావుగంటకోసారి లోపలికి పోయి నర్సును అడిగి కబురు చెప్తాడు. ఎంత చెప్పినా ఆగనివాళ్లు ఉంటారు, కాదనను, కానీ చాలా గొడవలకు మూలం లోపల ఏం జరుగుతుందో ఎవరూ చెప్పకపోవడమే.

ఫంక్షన్ హాళ్ల సంగతి ఇంకా టెన్షన్. హంటర్ రోడ్డు వైపు పోయినా, కాజీపేట వైపు పోయినా వెనక తలుపుకు గొలుసు వేసి తాళం కొట్టినవి చూశాను. ఎందుకంటే పిలవనివాళ్లు అటునుంచి భోజనాలకు వస్తున్నారట! తాళంచెవి మేనేజరు జేబులో, ఆ మేనేజరు ఎక్కడుంటాడో గార్డుకు తెలియదు. ఆ తలుపు పక్కనే వంటల షెడ్డు, గ్యాస్ సిలిండర్లు. మంటలార్పే సిలిండరు డెకరేషన్ పరదా వెనక ఉంటుంది, దాని ముల్లు ఎప్పుడో ఎర్ర గీతలోకి పోయింది, అంటే లోపల ప్రెషరే లేదు. కెమెరాలు మాత్రం బ్రహ్మాండంగా ఉంటాయి, ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం పుణ్యమా అని. మంచిదే, కానీ కెమెరా తలుపు తీయదు కదా.

కాంట్రాక్టు ఇచ్చే ముందు ఏజెన్సీ లైసెన్సు కాపీ, గార్డుల ట్రైనింగ్ సర్టిఫికెట్లు, ఫొటో ఐడీ కార్డులు అడగండి, జీతం బ్యాంకులో పడుతుందో లేదో గార్డునే అడగండి. పదిహేను మంది గార్డులకు ఒక సూపర్‌వైజర్ ఉండాలని మోడల్ రూల్స్‌లో ఉంది, అదీ అడగండి. అధికారులకు ఒక మనవి. పెళ్లిళ్ల సీజన్‌కు ముందు పోలీసు, ఫైర్, కార్మిక శాఖలవాళ్లు కలిసి ఒకసారి ఈ హాళ్లన్నీ తిరిగి చూడాలి. ముందుగా ఫోన్ చేసి మాత్రం రావద్దు, చెప్పి వస్తే ఆ ఒక్కరోజు గొలుసు తీసి పెడతారు.

- ఒక సెక్యూరిటీ మేనేజర్, హన్మకొండ