చిగుళ్ల పని ఇప్పుడే మొదలైందిరా

పర్లాకిమిడి

ఒరే సింహాచలం,

ఉత్తరం అందింది. బరంపురంలో చిగుళ్ల వైద్యం అయిపోయింది, రక్తం కారడం ఆగింది, ఇక పళ్ల డాక్టరు గడప తొక్కే పని లేదు అని రాశావు. ఆ చివరి మాట దగ్గరే నాకు టెన్షన్ పట్టుకుంది.

మా అన్నయ్యదీ ఇదే జబ్బు కాబట్టి దీని సంగతి నాకు బాగా తెలుసు. పంటికీ చిగురుకీ మధ్య లోతుగా శుభ్రం చేశారు కదా, అక్కడ సూక్ష్మజీవులు కొన్ని వారాల్లోనే మళ్లీ చేరతాయి. గార కట్టిందంటే బ్రష్‌కి లొంగదు. అందుకే మామూలుగా 3 నెలలకోసారి రమ్మంటారు. సన్నటి కొలత పుల్లతో ప్రతి పంటి చుట్టూ లోతు చూస్తారు. 3 మిల్లీమీటర్ల లోపుంటే పర్వాలేదు. 4 దాటి, ముట్టుకుంటే రక్తం వస్తోందంటే అక్కడ మళ్లీ పని పడినట్టే. ఆ అంకెలు కాగితం మీద రాయించుకో. నొప్పి లేదు కదా అని మాత్రం ఊరుకోకు. ఈ జబ్బు చప్పుడు లేకుండా ఎముకను తినేస్తుంది, పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు.

క్లీనింగ్ వల్లే పళ్ల మధ్య సందులొచ్చాయని మీ వీధిలో అంటున్నారట. వాపు తగ్గి చిగురు దిగింది, అన్నాళ్లూ గార కప్పిన సందు బయటపడింది, అంతే. చల్లనీళ్లు జివ్వుమనడం మెల్లగా తగ్గుతుంది. ఆ సందులకు సరిపడే చిన్న బ్రష్‌లు అమ్ముతారు, ఏ సైజో డాక్టరునే అడుగు. రోజూ రాత్రి వాడు.

ఇక గుడాకు. బతిమాలి అడుగుతున్నానురా, మానెయ్. పొద్దున్నే వేలితో రుద్దితే పళ్లు శుభ్రమవుతాయని మన వైపు ఎంతమంది నమ్ముతారో! అందులో ఉన్నది పొగాకు. పొగాకు తగులుతున్నంత కాలం చిగురు సరిగా మానదు, నోటి క్యాన్సర్ భయం వేరే. ఒక్కసారిగా మానలేకపోతే డాక్టరుకు దాచకుండా చెప్పు, సాయం చేస్తారు.

పైగా నీకు షుగరు. అది పెరిగితే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు వాచి ఉంటే అది అదుపులోకి రానంటుంది. 3 నెలల సగటు షుగరు పరీక్ష చేయించుకునే వారమే పళ్ల డాక్టరునీ చూసెయ్, మర్చిపోయే పనుండదు.

గుణుపురం నుంచి బరంపురం దూరమనిపిస్తే రైలెక్కి మా ఊరు రా. ఇక్కడ చూపిద్దాం, నేను వెంట ఉంటాను. ఆ అంకెల కాగితం మాత్రం తెచ్చుకో. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
రామారావు