నన్ను తొందరపెట్టని వాళ్లందరికీ

మా కర్రీ పాయింట్‌కి వచ్చేవాళ్లు ఈ మధ్య కూరల సంగతి వదిలేసి నా సంగతి అడుగుతున్నారు. "ఏం వాడుతున్నారండీ? ఏ పొడి? మాక్కూడా చెప్పండి" అని. ఒకావిడైతే పార్సిల్ చేతిలో పట్టుకుని, వెనక పది మంది నిలబడి ఉన్నా కదలకుండా, "షుగర్ ముదిరి చిక్కిపోయారేమో, ఓసారి చూపించుకోండి" అని సలహా కూడా ఇచ్చి వెళ్లింది. అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాను. పోయిన సెప్టెంబర్‌లో, 62 ఏళ్ల వయసులో, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. ఈ మాట బయటపెట్టడానికి ఏడు నెలలు పట్టింది. సిగ్గు వల్ల కొంత, ముందు ఎవరికి దణ్ణం పెట్టాలో తేలక కొంత.

ఆపరేషన్ చేసిన వాళ్లకి అక్కడే చెప్పుకున్నాను. ఇక్కడ చెప్పుకోవాల్సింది దానికి ముందు, చేయించుకోనా వద్దా అని నేను కొట్టుకుంటున్న రోజుల్లో నాకు దొరికిన మనుషుల గురించి.

కాకినాడలో మాది చిన్న కొట్టు. 24 ఏళ్లుగా పొద్దున్న నాలుగున్నరకి పొయ్యి వెలిగిస్తున్నాను. రోజూ పన్నెండు రకాలు, ప్రతిదానికీ ఉప్పు చూడాలి. అరచేతిలో చుక్క వేసుకుని నాకితే సరిపోతుందంటారు గానీ, నాకు రెండు ముద్దల అన్నంలో కలుపుకుంటేగానీ పులుసు కుదిరిందో లేదో తెలియదు. పన్నెండింటికీ ఎన్ని ముద్దలో మీరే లెక్క వేసుకోండి. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు 106 కేజీలు. పదిహేనేళ్ల షుగర్, రెండు పూటలా ఇన్సులిన్, బీపీ. నా గురక పడలేక మా ఆయన హాల్లోకి మకాం మార్చి ఆరేళ్లయింది. మోకాళ్లు అరిగిపోయాయి. ఎముకల డాక్టరు గారు "కీళ్లు మార్చొచ్చమ్మా, ముందు బరువు తగ్గి రండి" అన్నారు. నడవలేనిదాన్ని ఎలా తగ్గాలో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

అలాగని ఊరికే కూర్చోలేదు. కొబ్బరినూనె తాగే డైట్ ఊరంతా చేసిన రోజుల్లో నేనూ చేశాను. 11 కేజీలు తగ్గాను, ఏడాది తిరిగేసరికి 13 పెరిగాను. కొర్రలు, అండుకొర్రలు, జొన్నరొట్టెలు అన్నీ అయ్యాయి. జొన్నరొట్టెలు బాగా కుదిరాయి, ఇప్పటికీ కొట్లో అమ్ముతున్నాం. తగ్గింది మాత్రం ఏమీ లేదు.

మా అమ్మాయి పట్టుపట్టి మొదట ఒక ఆసుపత్రికి తీసుకెళ్లింది. పేరెందుకులెండి. పది నిమిషాలు కూడా చూడలేదు. బరువు చూశారు, షుగర్ రిపోర్టు చూశారు, ఒకమ్మాయి వచ్చి రంగు కాగితం చేతిలో పెట్టింది. నాలుగు లక్షల దాకా ప్యాకేజీ, ఈ నెలలోనే అయితే తగ్గింపు. చీరల కొట్లో ఆషాఢం బోర్డు చూసినట్టుంది నాకు. పొట్టలో ఏం కోస్తారు, ఎంత కోస్తారు, 62 ఏళ్లదాన్ని తట్టుకుంటానా అని అడిగితే "ఏం పర్లేదమ్మా, రోజూ చేస్తూనే ఉంటాం" అన్నారు. మీరు రోజూ చేస్తారు సరే, నాకు మాత్రం ఇదే మొదటిసారి కదా! ఆ కాగితం పర్సులో పెట్టుకుని ఇంటికొచ్చి రెండు వారాలు నిద్ర లేదు.

అప్పుడు వచ్చారు పెద్దాపురం టీచర్ గారు. మా కొట్టుకి పాత ఖాతాదారు, రిటైరయ్యారు. ఆరేళ్ల కిందట, 58వ ఏట, ఇదే ఆపరేషన్ చేయించుకున్నారట. అప్పటిదాకా నాకు తెలియదు, ఆవిడ సన్నని మనిషే అనుకునేదాన్ని! మధ్యాహ్నం మూడున్నరకి, కొట్లో జనం లేని వేళ, ఉల్లిపాయలు తరిగే నీలం స్టూలు లాక్కుని కూర్చున్నారు. రెండు గంటలు కదల్లేదు. చేయించుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. బ్యాగులోంచి మాత్రల డబ్బా తీసి బల్ల మీద బోర్లించారు. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి. "ఇవి బతికున్నన్నాళ్లూ మింగాలి. నేను మూడో ఏడు బాగానే ఉన్నాను కదా అని మానేశాను. అరికాళ్లు తిమ్మిర్లెక్కి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. బి12 ఇంజెక్షన్లు వేస్తేగానీ దారికి రాలేదు" అన్నారు. తర్వాత కొంగు తొలగించి జబ్బ కింద వేలాడే చర్మం పట్టి చూపించారు. "ఇది పోదు. అద్దంలో పడుచుపిల్ల కనపడుతుందని వెళ్లకు. నాలుగో నెలలో జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లు వస్తుంది, మళ్లీ మొలుస్తుంది, ఆ మధ్యలో ఏడుస్తావు." టీచర్ గారూ, మీరు ఆ రోజు మంచి మాటలు మాత్రమే చెప్పి వెళ్లి ఉంటే, జనవరిలో దువ్వెన చూసుకుని నేను ఏమైపోయేదాన్నో. ఆ భయం ముందే పడేశాను కాబట్టి గట్టెక్కాను.

రెండో దణ్ణం మా షుగర్ డాక్టరు గారికి. బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ మన దేశంలోకి అప్పుడే, 2025 మార్చిలో వచ్చింది. కోత లేకుండా వారానికో సూదితో పోతుందంటే ఎవరికి ఆశ ఉండదు? వెళ్లి అడిగాను. ఆయన దాన్ని తీసిపారేయలేదు, చాలామందికి బాగా పనిచేస్తుందన్నారు. ఆపేస్తే పోయిన బరువు చాలావరకు తిరిగొస్తుందనీ, అందుకని ఏళ్ల తరబడి వాడే మందుగానే లెక్కేసుకోవాలనీ చెప్పారు. నెలకి ఎంతవుతుందో కాగితం మీద రాసి, కింద పన్నెండుతో గుణించి, దాని కింద ఐదుతో గుణించి నా ముందు పెట్టారు. నాలాగా 44 బీఎంఐ ఉన్నవాళ్లకి ఆపరేషన్‌తోనే ఎక్కువ తగ్గుతుందని కూడా చెప్పారు. "ఏది ఎంచుకున్నా నా దగ్గరికే రావాలి కదమ్మా, నాకేం తొందర లేదు" అని నవ్వారు. పేషెంటుకి లెక్క చూపించే డాక్టర్లు ఎంతమంది ఉంటారు?

ఆ బీఎంఐ అంటే మరేం లేదండి. బరువు కేజీల్లో తీసుకుని, ఎత్తు మీటర్లలో తీసుకుని, రెండుసార్లు భాగించడమే. 106ని 1.55తో ఓసారి, వచ్చినదాన్ని మళ్లీ ఓసారి.

ఇక అసలు మనిషి, విశాఖపట్నంలో నన్ను చూసిన సర్జన్ గారు. సామర్లకోటలో రత్నాచల్ ఎక్కి వెళ్లాం. తుని దాటేదాకా మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. దాటాక "వద్దనుకుంటే వెనక్కి వచ్చేద్దాం" అన్నారు. ఆయన భయం నాకప్పుడు తెలిసింది. సర్జన్ గారి గదిలోకి వెళ్లగానే నేను మొదట అడిగింది, "నాకు వయసైపోయింది కదండీ" అని. 2022లో ఈ ఆపరేషన్లు చేసే అమెరికా సర్జన్ల సంఘం, వాళ్ల అంతర్జాతీయ సంఘం కలిసి ఇచ్చిన సూచనల్లో వయసుకి పైహద్దు పెట్టలేదనీ, చూడాల్సింది ఏళ్లు కాదు, ఒంట్లో సత్తువ అనీ చెప్పి, "చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవండి" అన్నారు. ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేస్తానో లెక్క. నాలుగుసార్లు లేచాను. ఐదోసారికి కుర్చీ పట్టుకున్నాను. నా వయసు ఆడవాళ్లు పన్నెండుసార్లైనా లేవాలట.

"ఇప్పుడు చేయను" అన్నారు. నాకు కోపం వచ్చింది. అంత దూరం వెళ్లి, అన్నీ తెగించి కూర్చుంటే, చేయననడమేంటి? అప్పుడు వివరంగా చెప్పారు. ఆపరేషన్ తర్వాత కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. ముప్పై ఏళ్ల వాళ్లకైతే తిరిగి కూడుతుంది, అరవై దాటాక పోయిన కండ తొందరగా రాదు. ఎముకలు కూడా పలచబడతాయి. ఇప్పుడే లేవలేని మనిషి, బరువు తగ్గాక బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే ఏం లాభం? నాలుగు నెలలు కాళ్లకి ఫిజియోథెరపీ, తిండిలో ప్రొటీన్, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే గురక మిషన్. ఇవి చేసి రండి, అప్పుడు మాట్లాడదాం అన్నారు. రాబడి వదులుకుని వెనక్కి పంపిన డాక్టరు మీద ఆ రోజు రైల్లో చిరాకుపడ్డాను. సార్, ఆ చిరాకుకి ఇప్పుడు క్షమించమని అడుగుతున్నాను.

స్లీవ్ మేలా, బైపాస్ మేలా అన్నది కూడా ఆయన నా మీద రుద్దలేదు. బైపాస్ అంటే గుండెది కాదండోయ్, పొట్టనీ పేగునీ దారి మళ్లించడం. షుగర్‌కి అది ఇంకాస్త గట్టిగా పనిచేస్తుందట. కానీ అది చేశాక డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వాడితే లోపల పుండ్లు పడే ప్రమాదం ఎక్కువ. నా మోకాళ్ల సంగతి తెలుసు కదా, ఎప్పుడో ఒకప్పుడు ఆ మాత్ర వేసుకోక తప్పదు. స్లీవ్‌లో అయితే పొట్టలో ముప్పావు వంతుకి పైగా నిలువునా కోసి తీసేస్తారు, అరటిపండంత గొట్టం మిగులుతుంది. దానితో పులితేన్పులు, గుండెమంట పెరగొచ్చు. ఎండోస్కోపీలో నాకు ఆ తేడా ఏమీ కనపడలేదు కాబట్టి స్లీవ్ అనుకున్నాం. కుట్ల దగ్గర లీకు కావచ్చు, రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి పోవచ్చు, అరుదే గానీ ప్రాణం మీదికి రావచ్చు అని మా అమ్మాయిని కూడా కూర్చోబెట్టి చెప్పారు. విన్నాక పిల్ల ముఖం పాలిపోయింది. నాకు మాత్రం విచిత్రంగా ఆ రాత్రి నిద్ర పట్టింది.

డైటీషియన్ అమ్మాయి మా పెద్ద మనవరాలి కంటే నాలుగేళ్లు పెద్దదేమో. ఇంగ్లీషు చార్టు ఇవ్వబోయి, నేను కర్రీ పాయింట్ అనగానే పక్కన పెట్టేసింది. "అమ్మమ్మా, మీ గరిటె ఏ సైజు?" అని అడిగింది. మర్నాడు మా కొట్టు గరిటె ఫొటో తీసి పంపించాను. ఆ గరిటెతోనే నాకు లెక్కంతా చెప్పింది. రోజుకి 60 గ్రాముల ప్రొటీన్ కావాలి, ఒక గుడ్డులో ఆరు, మిగతాది చేపలో, పెరుగులో, పెసల్లో ఎలా తెచ్చుకోవాలో. ఉప్పు చూసే పని మాత్రం ఆపరేషన్ తర్వాత మూడు నెలలు మా వంటమనిషి చేతికి ఇచ్చేయమంది. ఇరవై నాలుగేళ్లలో ఎవరికీ ఇవ్వని పని! మొదటి వారం ముద్దపప్పులో ఉప్పే లేదని ముగ్గురు తిరిగొచ్చారు. ఆ వంటమనిషి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే నేర్చుకుంది. ఇప్పుడు పులుసు నాకంటే బాగా పెడుతోందని అంటున్నారు. ఒప్పుకోను గానీ, థాంక్సే అమ్మాయ్.

ఇన్సూరెన్స్ సంగతి క్లుప్తంగా. మా అబ్బాయి కంపెనీ పాలసీలో మేమిద్దరం ఉన్నాం. మొదట ఇది అందం కోసం చేయించుకునేదని తిప్పి పంపారు. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో కుర్రాడు ఒకడు ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ పెట్టిన షరతు ప్రింటు తీసి, 18 దాటి, బీఎంఐ 40 పైన ఉండి, డాక్టరు సలహా ఉంటే దీన్ని ఇవ్వాలనీ, 35 పైన ఉన్నా అదుపులో లేని షుగర్, నిద్రలో ఊపిరి ఆగిపోతుండే స్లీప్ ఆప్నియా తీవ్రంగా ఉండడం లాంటివి ఉంటే వర్తిస్తుందనీ గీత గీసి, మళ్లీ పెట్టించాడు. మూడుసార్లు ఫోన్ చేశాడు పాపం, టీ కూడా తాగలేదు మా దగ్గర.

సెప్టెంబర్‌లో వెళ్లేసరికి తొమ్మిదిసార్లు లేచాను. పన్నెండు కాలేదు. "చాలు" అన్నారు సార్.

ఆపరేషన్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు, మత్తులో ఉన్నాను కదా. ఐదు చిన్న బెజ్జాలు, సాయంత్రానికే నడిపించారు, పొట్టలోకి గాలి నింపడం వల్ల భుజం నొప్పి, మూడో రోజుకి ఇల్లు. రెండు వారాలు మజ్జిగ తేట, పప్పుకట్టు, ప్రొటీన్ పొడి. ఐదో వారంలో ఓవరాక్షన్ చేసి పెసరట్టు ముక్క నమలకుండా మింగి, వాంతులయ్యి, రాత్రంతా సెలైన్ ఎక్కించుకున్నాను. తప్పు నాదే. ఆ రాత్రి పక్కన కూర్చున్న మా చెల్లికి దణ్ణం పెడితే కొడుతుంది, అందుకని ఇక్కడ పెడుతున్నాను.

ఇప్పుడు 80 కేజీలు. ఇన్సులిన్ ఆగింది, ఒక మాత్ర ఉంది. గురక మిషన్ ఇంకా ఉంది, మా ఆయన మాత్రం గదిలోకి వచ్చేశారు. మోకాలి నొప్పి సగం కూడా తగ్గలేదు, ఈ ఏడు కుడి కీలు మార్పించుకోవాలి. అడిగేవాళ్లకి నిజం చెప్పాలి కదా.

చివరగా మా ఆడపడుచు. అందరికంటే గట్టిగా వద్దన్నది తనే. "అరవై దాటాక కడుపు కోయించుకోవడమేంటి వదినా, ఉన్నన్నాళ్లు తిని పోదాం" అని ఫోన్లో ఏడ్చింది. ఆపరేషన్ రోజు మాత్రం తాడేపల్లిగూడెం నుంచి నాకంటే ముందే ఆసుపత్రికి చేరింది. సంక్రాంతికి వస్తూ ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తెచ్చింది. అందరికీ పెట్టి, నా దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఒక పూతరేకు తీసి సగం చేసింది, ఆ సగాన్ని మళ్లీ సగం చేసింది, ఆ ముక్కని వేళ్ల మధ్య పట్టుకుని నా ముఖంలోకి చూస్తూ, "ఇంత ఫర్లేదా వదినా?" అంది.

"అందులో సగం చెయ్యవే" అన్నాను. చేసింది. మిగతాది తన నోట్లో వేసుకుంది.