రేపు జెట్టీకి వచ్చేవాళ్లు ఒక్కసారి చదవండి

అందరికీ నమస్కారం. రేపు గాలాలు వేయడానికి వచ్చేవాళ్లు పోటు (సముద్రం నీళ్లు పెరగడం), పాటు (తగ్గడం) టైం చూసుకుని బయల్దేరండి. పోయిన వారం టైం పనికిరాదు, పోటు రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నీళ్లు కదులుతున్నప్పుడే చేప ఎరకు బాగా వస్తుంది. కదలకుండా నిలబడిపోయాయంటే టీ తాగడానికి అదే మంచి టైం.

కొత్తవాళ్లు గాలం ఎంత దూరం విసిరితే అంత గొప్ప అనుకుంటారు. అక్కర్లేదు. జెట్టీ స్తంభాలకు నాచు, ఆల్చిప్పలు పట్టి ఉంటాయి, వాటి మధ్య చిన్న పీతలు తిరుగుతుంటాయి. చేపలు మేతకు అక్కడికే వస్తాయి. మీ కాళ్ల కిందే నిటారుగా దించి చూడండి. కాకపోతే దారం స్తంభానికి రాసుకోనివ్వకండి, ఆల్చిప్ప అంచు బ్లేడులా కోసేస్తుంది.

పెద్ద చేప పడితే దారంతోనే పైకి లాగొద్దు. పోయినసారి నేను అలాగే లాగాను, సగం ఎత్తులో పుటుక్కున తెగింది. తాడు కట్టిన వల కిందికి దించి ఎత్తాలి.

ఇంకోటి. గాలానికి పక్షి చిక్కితే కంగారుపడి దారం తెంపేయకండి. ఆ దారంతో ఎక్కడో చుట్టుకుని చచ్చిపోతుంది. మెల్లగా దగ్గరికి లాగి, తల మీద తువ్వాలు కప్పండి, కుదుటపడుతుంది. కొక్కెం ముల్లు బయటికి వచ్చేదాకా ముందుకు తోసి, దాన్ని తుంచి, మిగతాది వెనక్కి తీయండి.

కట్టర్ నేను తెస్తాను. వల ఎవరు తెస్తున్నారో రాత్రిలోగా చెప్పండి.