అడిగిన పుస్తకాలకీ, అడగని పుస్తకాలకీ

వరదలో నా పుస్తకాలు పోయాయని తెలిసి పుస్తకాలు పంపిన మీ అందరికీ నమస్కారం. ఈ నాలుగు ముక్కలూ పోయిన దసరాకే రాయాల్సింది. పార్సిలు వచ్చిన ప్రతిసారీ "ఇదొక్కటీ చదివేసి రాద్దాంలే" అనుకోవడం, అది పూర్తయ్యేలోపు ఇంకోటి గుమ్మంలో వాలడం. అలా ఏడాది గడిచిపోయింది. ఇంకా ఆలస్యం చేస్తే మర్యాదగా ఉండదని మా ఆయన ఇప్పటికి రెండుసార్లు అన్నారు. మూడోసారి అనిపించుకోకుండా ఇవాళ కూర్చున్నాను.

సంగతి తెలియనివాళ్లకి ముందుగా చెబుతాను. మాది విజయవాడ సింగ్‌నగర్‌లో కింది వాటా. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయన్న మాట చెవిన పడేసరికే మా వీధిలోకి నీళ్లొచ్చేశాయి. కాఫీ గిన్నె స్టవ్వు మీద ఉండగానే గుమ్మం దాటాయి, మధ్యాహ్నానికి కిటికీ చువ్వలు మునిగాయి. పింఛను కాగితాలు, గ్యాసు బుక్కు, మా ఆయన బీపీ మాత్రలు పట్టుకుని పైవాటాలోకి ఎక్కాం. మూడో రోజున పడవ వచ్చింది. పటమటలో మా చెల్లెలి ఇంట్లో తలదాచుకుని పది రోజుల తర్వాత తిరిగొచ్చి చూస్తే గోడ మీద బురదగీత సరిగ్గా నా గడ్డం దగ్గర ఉంది. టేకు బీరువా ఉబ్బిపోయి తలుపు రాలేదు. పలుగు పెట్టి తీయించాం. లోపల ఆరువందల నలభై పుస్తకాలు ఒకదాన్నొకటి కరుచుకుని ఇటుకల బట్టీలా ఉన్నాయి.

ఫ్రిజ్జు పోయింది, మంచాలు పోయాయి, కుట్టుమిషను పోయింది. వాటికి ఏడవలేదు. బీరువా ముందు మాత్రం కూలబడ్డాను. పుస్తకాలకి ఏడిస్తే జనం నవ్వుతారని తెలుసు. మా వీధిలో బియ్యం లేనివాళ్లున్నారు మరి. అందుకే గట్టిగా ఏడవలేదు.

మొదటి దండం ఒక లైబ్రేరియనమ్మకి. పేరు రాయొద్దన్నారు, రాయను. ఎవరిచ్చారో నా నంబరు, ఆవిడే ఫోన్ చేసి మొదటి మాటగా "ఎండలో పెట్టారా?" అని అడిగారు. పెట్టేశానమ్మా, డాబా మీద ముప్పై పరిచానన్నాను. "ముందు తీసేయండి. ఎండకి అట్టలు వంకర పోతాయి, కాగితం పెళుసెక్కుతుంది" అన్నారు. ఆ తర్వాత గంటసేపు పాఠం. తడిసిన పుస్తకాన్ని బలవంతంగా తెరవకూడదు. బురదని రుద్దకూడదు, రుద్దితే కాగితంలోకి దిగిపోతుంది. పుస్తకాన్ని గట్టిగా మూసి పట్టుకుని మంచినీళ్లలో ముంచి తీయాలి. తర్వాత నిలబెట్టి, మధ్యమధ్య తెల్లకాగితాలు పెట్టి, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. కాగితాలు తడిసినప్పుడల్లా మార్చాలి. నునుపు కాగితం మీద అచ్చేసిన బొమ్మల పేజీలు ఆరితే ఇక విడిరావు, కాబట్టి వాటి సంగతి ముందు చూడాలి. తడిసిన రెండు మూడు రోజుల్లోనే బూజు మొదలవుతుంది, మీకు ఇప్పటికే చాలా ఆలస్యమైంది, బతికేవాటిని ఎంచుకోండి అన్నారు. ఎంచుకోవడమంటే తెలుసుగా, మిగతావాటిని వదులుకోవడం.

ఎంచినవన్నీ ఒకేసారి ఆరబెట్టడానికి చోటేదీ? ఆవిడే చెప్పారు, ప్లాస్టిక్ కవర్లలో చుట్టి గడ్డకట్టిస్తే బూజు ఆగుతుందని. తీరిగ్గా రోజుకి రెండు మూడు బయటికి తీసి ఆరబెట్టుకోవచ్చట. ఇక్కడ రెండో దండం పటమటలో ఐస్‌క్రీం దుకాణం నడిపే అబ్బాయికి. మా చెల్లెలు సిగ్గు విడిచి అడిగింది. వాడు మారుమాట లేకుండా ఒక పెట్టె ఫ్రీజరు ఖాళీ చేసి ఇచ్చాడు. మూడు వారాలపాటు బటర్‌స్కాచ్ పక్కన రచయిత బుచ్చిబాబు పడుకున్నారు. కొనడానికొచ్చిన పిల్లలు "అంకుల్, ఇదేం ఫ్లేవర్?" అని అడిగేవాళ్లట. కరెంటు డబ్బులిస్తానంటే ఫ్యామిలీ ప్యాక్ కొనుక్కెళ్లమన్నాడు.

అలా నలభై ఒకటి బతికాయి. అందులో 'మిథునం' ఉంది. బాపుగారు ముచ్చటపడి మొత్తం తన చేత్తో రాసిన శ్రీరమణగారి కథ అది. మా ఆయన పెళ్లయ్యాక నాకు కొనిచ్చిన ఒకే ఒక్క పుస్తకం కూడా అదే. ఇప్పుడది రెండింతలు లావైంది. మేమిద్దరం కూడా అంతే అనుకోండి.

మూడో దండం పైవాటా వాళ్ల అబ్బాయికి, వాడి ద్వారా మీ అందరికీ. పోయినవాటిలో నాకు మరీ కావలసిన ముప్పైరెండు పేర్లు నేను చెబుతుంటే వాడు ఫోన్లో రాసి, "పాత కాపీలుంటే అమ్ముతారా" అని మిమ్మల్నందరినీ అడిగాడు. ఊరికే ఇమ్మని అడగలేదు. నిన్నటికి నూట పదిహేడు పుస్తకాలు వచ్చాయి. డబ్బు తీసుకున్నది ఒక్కరే, లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలమ్మే ఆయన. అదీ సగం ధరే. తపాలా ఖర్చు కూడా మీరే పెట్టుకున్నారు. 2024 డిసెంబరులో పుస్తకాలకుండే చౌక తపాలా ఆపేశారు కదా. ఆ నెలల్లో పుస్తకం ధరకంటే పంపిన ఖర్చే ఎక్కువైన పార్సిళ్లు మూడు నాలుగు ఉన్నాయి, స్టాంపులు చూశాను. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని మళ్లీ మొదలుపెట్టాక మీ స్పీడు ఇంకా పెరిగింది.

ఆ ముప్పైరెండూ ఎందుకంత కావాలో చెప్పాలి. నేను 1981లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, దూరపు ఊళ్ల ఫోన్లు కలిపే ట్రంక్ ఆపరేటర్‌గా చేరాను. రాత్రి డ్యూటీలో రెండు దాటితే బోర్డు మీద దీపాలు పలచబడతాయి. హెడ్‌సెట్టు చెవికి, పుస్తకం ఒళ్లో. సూపర్‌వైజరు చెప్పుల చప్పుడు వినిపిస్తే పుస్తకం కొంగు కిందికి. 'బారిస్టర్ పార్వతీశం' నవలలో పార్వతీశం మద్రాసులో దొరసానుల టోపీ కొనుక్కున్న ఘట్టం దగ్గర నవ్వాపుకోలేక గుంటూరు లైను తగిలించడం మర్చిపోయి ఒకాయన చేత చివాట్లు తిన్నాను. గవర్నర్‌పేట అద్దె లైబ్రరీలో నవల రోజుకి పావలా. యద్దనపూడివారి 'సెక్రటరీ' మా బోర్డులో చేతులు మారీ మారీ అట్ట ఊడింది. పన్నెండుమంది ఆడపిల్లలం, అందరికీ అందులో హీరో రాజశేఖరమే కావాలి. నన్ను చూడ్డానికి వచ్చినాయనకి మాత్రం లూనా మోపెడ్ ఉంది.

కానీ నన్ను మార్చిన పుస్తకం 'కాలాతీత వ్యక్తులు'. డాక్టర్ పి. శ్రీదేవిగారు రాసింది ఆ ఒక్క నవలే. 1961లో ముప్పై దాటీ దాటకుండానే పోయారు. అందులో ఇందిర తండ్రి బరువు మోస్తూ, నాకేం కావాలో నాకు తెలుసంటూ తలెత్తుకు తిరుగుతుంది. మంచిపిల్ల కాదు, చెడ్డపిల్లా కాదు. నా ఇరవై ఏళ్లప్పుడు నాకు ఇందిర మీద మంట. నలభైలో జాలి. ఇప్పుడు మీరు పంపిన కాపీలో మళ్లీ చదివితే, ఆవిడ నా పక్క బోర్డులో కూర్చుంటే ఎంత బాగుండేదో అనిపించింది. 1963లో దీని ఆధారంగా 'చదువుకున్న అమ్మాయిలు' తీశారు. సినిమా చూశాం కదా అని నవల వదిలేసేవాళ్లకి ఒక మాట: ఆ ఇందిర పుస్తకంలోనే ఉంది.

'అసమర్థుని జీవయాత్ర' నాలుగు కాపీలు వచ్చాయి. ఆంధ్రదేశంలో ఇంతమంది అసమర్థులున్నారా అని మా ఆయన. గోపీచంద్‌గారు అది తండ్రి త్రిపురనేని రామస్వామిగారికి అంకితమిచ్చారు, 'ఎందుకు' అని అడగడం నేర్పినందుకు. తెనాలి నుంచి వచ్చిన కాపీలో ఆ పేజీ అడుగున ఎవరో పెన్సిలుతో "ఎందుకు?" అని రాశారు. ఆ కాపీ ఉంచుకుంటాను. మిగతా మూడూ ఎవరికైనా ఇచ్చేస్తాను, అడగండి.

'అమరావతి కథలు' పోయినప్పుడు ఒక్కటే బెంగ. నూరు కథలకీ బాపు బొమ్మలున్నాయి కదా, అవన్నీ ముద్దయిపోయాయి. ఏలూరు నుంచి ఒక రిటైర్డు మాస్టారు తనదే ఇచ్చేశారు. "నాకు చూపు తగ్గింది, బొమ్మలు కనబడటం లేదు, మీరు చూడండి" అని లోపల చీటీ. మాస్టారూ, ఆ చీటీకి జవాబు రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను. మీరు ఒప్పుకుంటే ఆదివారాలు ఫోన్ చేసి రోజుకో కథ చదివి వినిపిస్తాను. నలభై ఏళ్లు జనం మాటలు వైర్ల మీద మోసినదాన్ని, నా గొంతు ఇంకా బాగానే ఉంది.

ఇక అడగని పుస్తకాలు. నూట పదిహేడులో నేనడిగినవి ముప్పై దాకా వస్తే, అడగనివే ఎక్కువ. నిజం చెప్పొద్దూ, మొదట్లో చిరాకు పడ్డాను. 1995 ప్రాంతంలో నేను కొత్తవి చదవడం మానేశాను. పిల్లలు, అత్తగారి జబ్బు, టీవీ, ఎన్నైనా సాకులు చెప్పొచ్చు. అసలు కారణం, తెలుగు నవల నా పడుచుదనంతోనే అయిపోయిందని నా గట్టి నమ్మకం. చదివినవాటినే తిప్పితిప్పి చదువుతూ వచ్చాను.

ప్రొద్దుటూరు నుంచి ఒక టీచరమ్మ 'కొండపొలం' పంపారు. "మీరు అడగలేదు, అయినా చదవండి" అని లోపల రెండు ముక్కలు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి నవల. తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) పోటీలో బహుమతి వచ్చిందట, 2021లో సినిమా కూడా తీశారట, నాకేమీ తెలియదు. కరువుకాలంలో గొర్రెలకి మేత, నీళ్లు లేక మందల్ని తోలుకుని నల్లమలలోకి పోతారు. చదువుకుని ఉద్యోగం దొరక్క తిరిగొచ్చిన కుర్రాడు వాళ్లతో వెళ్తాడు. మొదటి ముప్పై పేజీలు కడప మాటలు అర్థంకాక వెనక్కీ ముందుకీ తిరిగాను. తర్వాత అడవి నన్ను పట్టుకుంది. నీళ్లు ఇంట్లోకొచ్చి సర్వం పోగొట్టుకున్న మనిషిని, నీళ్ల చుక్క కోసం కొండలెక్కే మనుషుల కథ చదువుతున్నాను. పుస్తకం మూసి కుండలోని నీళ్లకేసి కాసేపు చూస్తూ కూర్చున్నాను. డాక్టర్ కేశవరెడ్డిగారి 'అతడు అడవిని జయించాడు' నా పాత బీరువాలో ఉండేది, ఒక్క రాత్రి, ఒక ముసలాయన, ఒక సూడిపంది. దాని పక్కన పెట్టదగ్గ పుస్తకం మళ్లీ వస్తుందనుకోలేదు.

టీచరమ్మ తలుపు తెరిచాక మిగతావి తోసుకుని లోపలికొచ్చాయి. బండి నారాయణస్వామిగారి 'శప్తభూమి' రెండుసార్లు చదివాను. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమలో పాలెగాళ్లకంటే కిందివాళ్ల కథే ఎక్కువ పట్టించుకున్నారు. తల్లావజ్ఝుల పతంజలిశాస్త్రిగారి 'రామేశ్వరం కాకులు' కథలు అలా కాదు. గబగబా చదివితే ఏమీ చిక్కదు. రాత్రికి ఒకటి చాలు. మధురాంతకం నరేంద్రగారి 'మనోధర్మపరాగం' ఇప్పుడు సగంలో ఉన్నాను. దేవదాసీల ఇళ్లలోంచి వచ్చిన పాటగత్తెల బతుకులవి. చదువుతూ మధ్యలో పాత కచేరీలు పెట్టుకుని వింటున్నాను, అందుకే ముందుకి సాగటం లేదు.

నిజామాబాదు నుంచి ఒకమ్మాయి 'ఢావ్లో' పంపింది. రమేశ్ కార్తీక్ నాయక్ అనే కుర్రాడు రాసిన గోర్ బంజారా కథలు. 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. మా ఎక్స్ఛేంజి కట్టేటప్పుడు తండా ఆడవాళ్లు ఇసుక మోశారు. వాళ్ల అద్దాల రవికెల్ని చూశాను తప్ప వాళ్లేం మాట్లాడుకుంటున్నారో ఏనాడూ వినలేదు. చెవులతో ఉద్యోగం చేసినదాన్ని నేను.

అన్నీ నచ్చాయని అబద్ధమాడను. మూడు కొత్త నవలలు సగంలో మూసేశాను. హైదరాబాదు ఆఫీసు, కాఫీ, విడిపోవడం, మళ్లీ కాఫీ. పేర్లు చెప్పను, పంపినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఒకటి మాత్రం మా మనవరాలు లాక్కుపోయి ఒక్క రాత్రిలో చదివేసింది. కాబట్టి తప్పు పుస్తకానిది కాకపోవచ్చు.

కొత్త బీరువా గోడకి ఐదున్నర అడుగుల ఎత్తున కొట్టించాం. పుస్తకం తీయాలంటే స్టూలెక్కాలి. అరవై నాలుగేళ్ల మనిషివి స్టూలేమిటని మా చెల్లెలు తిడుతోంది. తిట్టనీ.

చివరిగా ఒక పని మిగిలింది. 'కాలాతీత వ్యక్తులు' కాపీ పంపినవాళ్లు అట్ట మీద పేరు రాయలేదు. లోపల నూట పన్నెండో పేజీ దగ్గర ఒక ఇన్‌లాండ్ లెటరుంది. 1984 నాటిది. "చిన్నీకి అక్క ఆశీస్సులు" అని మొదలవుతుంది. పరుల ఉత్తరం చదవకూడదని తెలుసు, చదివాను, క్షమించండి. ఇది పోగొట్టుకోవలసిన ఉత్తరం కాదు. చిన్నిగారూ, మీరెక్కడున్నా ఒక్క ఫోన్ చేయండి. మీ అక్కగారు సంక్రాంతికి తెస్తానన్న చీర రంగేమిటో చెబితే చాలు, స్పీడ్ పోస్టులో పంపిస్తాను.