గొలుసు నవల వేరు, సిరీస్ వేరు

సంపాదకులు గారికి,

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ లాంటి సైన్స్ ఫిక్షన్ సినిమాల చుట్టూ తెలుగులో నవలలు రావాలి, వాటిని ముగ్గురు నలుగురు రచయితలు కలిసి రాయాలి అన్నది నా కోరిక. బాహుబలి కథా ప్రపంచం మీద 2017లో మొదలైన మూడు నవలలను ఆనంద్ నీలకంఠన్ ఒక్కరే, అదీ ఇంగ్లీషులో రాశారు. తెలుగు సినిమాలో పుట్టిన పాత్రలు పుస్తకంలోకి వచ్చేసరికి ముందు ఇంగ్లీషు మాట్లాడటం బాధగా ఉంది.

అయితే పేరున్న రచయితలను పిలిచి తలా ఒక పుస్తకం పంచితే సరిపోదు. మన పత్రికల్లో గొలుసు నవలలు అలా నడిచాయి. ఒకరు వదిలిన చోట ఇంకొకరు అందుకునేవారు, కథ ఎటు మళ్లినా అది ఆటలో భాగమే. సినిమాతో ముడిపడిన సిరీస్‌లో ఆ స్వేచ్ఛ ఉండదు. పాత్రలు నిర్మాతవి, వాటికి రేపు ఇంకో సినిమాలో పని ఉంటుంది.

ఈ పనిని పెద్ద ఎత్తున చేసి చూపించింది అమెరికాలోని డెల్ రే ప్రచురణ సంస్థ. 1999 నుంచి 2003 దాకా హాలీవుడ్ సైన్స్ ఫిక్షన్ సినిమాల వరస స్టార్ వార్స్ మీద ‘ద న్యూ జెడై ఆర్డర్’ పేరుతో 12 మంది రచయితల చేత 19 నవలలు రాయించింది. అయిదు హార్డ్‌కవర్లు, 14 పేపర్‌బ్యాక్‌లు. కథ మొత్తం ఎటు పోవాలో ప్రచురణకర్త, ఆ సినిమాల నిర్మాణ సంస్థ లూకాస్‌ఫిల్మ్ కలిసి అనుకున్నాకే రచయితలకు పనులు అప్పగించారు. సినిమాల్లోని పాత్ర హాన్ సోలో చిన్న కొడుకు ఆనకిన్‌ను నాయకుణ్ణి చేయాలన్నది తొలి ఆలోచన. అప్పుడే వస్తున్న సినిమాల్లో నాయకుడి పేరూ ఆనకినే కావడంతో స్టార్ వార్స్ సృష్టికర్త జార్జ్ లూకాస్ వద్దన్నారు. 2001లో వచ్చిన తొమ్మిదో నవలలో ఆ కుర్రాడు చనిపోయాడు, కథాభారం అన్న జేసన్ మీద పడింది. ఇలాంటి అభ్యంతరం నాలుగు పుస్తకాలు అచ్చయ్యాక వస్తే చేయగలిగేదేమీ ఉండదు. అందుకే నిర్మాత ఆమోదం మూడుసార్లు రాతపూర్వకంగా తీసుకోవాలి: రెండు పేజీల సారాంశానికి ఒకసారి, అధ్యాయాలవారీ ప్రణాళికకు ఒకసారి, రాతప్రతికి ఒకసారి.

అదే సంస్థ 2006–2008లో వేసిన తొమ్మిది నవలల సిరీస్‌ను ముగ్గురే వంతులవారీగా తలా మూడు రాశారు. మనకు నప్పేది ఇదే. ఒక్క పుస్తకం రాసి వెళ్లిపోయే రచయిత తాను పెట్టిన ముడిని తానే విప్పాల్సిన అవసరం ఉండదు. మళ్లీ వంతు వస్తుందని తెలిసినవారు అంత తేలిగ్గా ముడి వేయరు.

పని మొదలుపెట్టే ముందు సిరీస్ బైబిల్, అంటే రచయితలంతా పాటించాల్సిన వివరాల పుస్తకం, తయారుకావాలి. అందులో కాలక్రమం, ప్రయాణానికి పట్టే సమయం, ఆయుధాల పరిమితులు, పేర్ల స్పెల్లింగ్ ఉంటాయి. తెలుగులో ఇంకో పట్టిక తప్పనిసరి: ఎవరు ఎవరిని ‘నువ్వు’ అంటారు, ఎవరిని ‘మీరు’ అంటారు, ఏ వరస పెట్టి పిలుస్తారు, ఎవరిది ఏ జిల్లా యాస. మొదటి పుస్తకంలో కమాండర్‌ను ‘అన్నా’ అన్న పిల్ల రెండో దాంట్లో ‘సార్’ అంటే, మధ్యలో ఏదో గొడవ జరిగిందని పాఠకుడు అనుకుంటాడు.

ఎక్కువగా దెబ్బతినేది పుస్తకాల మధ్య అతుకుల దగ్గర. రెండోది పూర్తయ్యేదాకా ఆగితే ఏడాదికి ఒక్కటే వస్తుంది కాబట్టి మూడో రచయిత ప్రణాళికను నమ్ముకుని మొదలుపెడతారు. ఈలోగా రెండో రచయిత ఒక దృశ్యం మారుస్తారు. ఓడ కూలిందా, చెయ్యి విరిగిందా అన్న తప్పులు ఎవరో ఒకరి కంటపడతాయి. ఏ రహస్యం ఎవరికి తెలుసు అన్నదే జారిపోతుంది. ప్రతి పుస్తకం చివర ఎవరు ఎక్కడున్నారు, ఏ స్థితిలో ఉన్నారు, ఎవరికి ఏం తెలుసు అన్నది ఒక్క పేజీలో రాసి, మార్పు జరిగిన రోజే అందరికీ పంపాలి. ఈ పేజీని సవరించే అధికారం ఒక్క ఎడిటర్‌కే ఉండాలి. లూకాస్‌ఫిల్మ్ 2000 నుంచి ఇలాంటి వివరాలన్నీ ‘హోలోక్రాన్’ అనే డేటాబేస్‌లో పెట్టి, దాని బాధ్యత లీలాండ్ చీ అనే ఉద్యోగికి అప్పగించింది. మన ప్రచురణకర్తలు రచయితల కన్నా ముందు ఈ మనిషిని వెతకాలి, జీతమిచ్చి పెట్టుకోవాలి. ప్రూఫ్ రీడర్‌కు అదనపు పనిగా అంటగట్టకూడదు.

ఇక డబ్బు సంగతి. స్టార్ వార్స్ తొలి సినిమాకు నవలారూపం రాసింది అలన్ డీన్ ఫాస్టర్, అట్ట మీద పేరు మాత్రం జార్జ్ లూకాస్‌ది. హక్కులు డిస్నీకి వెళ్లాక ఆయనకు రాయల్టీ ఆగిపోయిందని 2020 నవంబరులో అక్కడి సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం బహిరంగంగా నిలదీయాల్సివచ్చింది. మన కాపీరైట్ చట్టం, 1957లోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. హక్కులు అమ్మేసినా రచన తనదని చెప్పుకునే అధికారం 57వ సెక్షన్ కింద రచయితకు ఉంటుంది. రాయల్టీ సంగతి మాత్రం ఒప్పందంలోనే తేల్చుకోవాలి. నిర్మాణ సంస్థ చేతులు మారితే చెల్లింపు బాధ్యత కూడా కొత్త యజమానికి వెళుతుందన్న వాక్యం లేని కాగితం మీద మన రచయితలు సంతకం పెట్టవద్దని మనవి.

– ఒక పాఠకుడు, గుంటూరు