చంద్రుడి మీద ఓటింగ్ వద్దు, పిల్లల్ని మిద్దె ఎక్కించండి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య మా మనవరాలు బడి నుంచి ఒక షీల్డు పట్టుకుని ఇంటికొచ్చింది. తొమ్మిదో తరగతి. డిబేట్ పోటీలో ఫస్ట్ ప్రైజ్. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. అంశం ఏమిటమ్మా అని అడిగితే, ‘భూమి గుండ్రమా, బల్లపరుపా’ అంది. చీటీలో తనకు బల్లపరుపు వైపు వచ్చిందట. రెండు వారాలు ఫోన్‌లో వీడియోలు చూసి పాయింట్లు రాసుకుంది. వాటిలో సగానికి పైగా చంద్రుడి మీదే. చివర్లో హాల్లో పిల్లల చేత చేతులెత్తించారు. ఎక్కువ చేతులు బల్లపరుపు వైపే లేచాయి. షీల్డు ఇచ్చి, చప్పట్లు కొట్టి ఇంటికి పంపించారు. ఇంతకీ అసలు సంగతి ఇదీ అని ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు.

ఆ రాత్రి అన్నం తింటూ ఆ పిల్ల అడిగిన ప్రశ్న నాకు నిద్ర పట్టనివ్వలేదు. ‘తాతా, నేను చెప్పినవాటికి అవతలి టీమ్ దగ్గర జవాబుల్లేవు. మరి నేను చెప్పిందే నిజమా?’

ముప్పయ్యేళ్లకు పైగా హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. పిల్లలు ప్రశ్నించడం నాకు ఎప్పుడూ ఇష్టమే. భూమి గుండ్రంగా ఉందని పుస్తకంలో రాసి ఉంది కాబట్టి నమ్ము అని ఏ పిల్లకూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. నా బాధ వేరు. బడిలో ఫోన్లు ఉండాలా వద్దా, మార్కుల బదులు గ్రేడ్లు ఇవ్వాలా అంటే రెండు పక్షాలుంటాయి, డిబేట్ పెట్టండి. రేపు చంద్రుడు ఎన్నింటికి పొడుస్తాడన్నది చేతులెత్తి తేల్చేది కాదు. మిద్దె ఎక్కి చూసి తేల్చేది.

మా మనవరాలికి హాల్లో బాగా చప్పట్లు తెచ్చిన పాయింట్ ఒకటుంది. ఎండలో పెట్టిన వస్తువు వేడెక్కుతుంది, వెన్నెల్లో పెట్టిన వస్తువు నీడలోని దానికంటే చల్లబడుతుంది, కాబట్టి వెన్నెల సూర్యుడి వెలుగు కాదు, చంద్రుడికి సొంత చల్లని వెలుగు ఉంది అని. వినడానికి ఎంత బాగుంది! వెన్నెల చల్లదనం మన మాటల్లోనే ఉంది కదా. పైగా థర్మామీటర్ పెట్టి కొలిస్తే తేడా నిజంగానే కనిపిస్తుంది. అవతలి టీమ్ పిల్లలు అది అబద్ధమన్నారట. అక్కడే ఓడిపోయారు.

మేమిద్దరం ఏం చేశామంటే, పున్నమి రాత్రి మిద్దె మీద రెండు ఇటుకలు పెట్టాం. ఒకదాని మీద థర్మామీటర్ ఆరుబయట, ఇంకోదాని మీద థర్మామీటర్ పెట్టి, నాలుగు కర్రలు కట్టి పైన పాత చాప కప్పాం. రాత్రి పది దాటాక టార్చి వేసి చూస్తే ఆరుబయటిది తక్కువ చూపించింది. ‘చూశావా తాతా!’ అని గంతేసింది. సరే, పదిహేను రోజులు ఆగమన్నాను. అమావాస్య రాత్రి అవే ఇటుకలు, అదే చాప. ఆ రాత్రీ ఆకాశం తేటగానే ఉంది. మళ్లీ ఆరుబయటిదే తక్కువ. టార్చి పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, ‘ఈరోజు చంద్రుడే లేడు కదా’ అంది.

తేడా తెచ్చింది వెన్నెల కాదు, చాప. రాత్రిపూట ప్రతి వస్తువూ తన వేడిని పైకి వదులుతూ ఉంటుంది. తేటగా ఉన్న ఆకాశం దాంట్లో కొద్దిగానే తిరిగి ఇస్తుంది. పైన చాపో చెట్టుకొమ్మో అడ్డం ఉంటే అది తన వేడిని కిందికి పంపుతుంది. ఆరుబయట మంచం మీద పడుకుంటే తెల్లారేసరికి దుప్పటి మంచుకు తడుస్తుంది, వేపచెట్టు కింద మంచం వేసుకుంటే అంతగా తడవదు. చంద్రగిరి వైపు ఏ రైతునడిగినా చెబుతాడు. ఇక వెన్నెల వేడి సంగతి అంటారా, నిండు పున్నమి వెలుగు సూర్యుడి వెలుగులో దాదాపు 4 లక్షల వంతుల్లో ఒక వంతు. ఆ వేడిని మన మామూలు థర్మామీటర్ పట్టుకోలేదు.

ఈ ఒక్క విషయం తేలడానికి మాకు పదిహేను రోజులు పట్టింది. డిబేట్‌లో దానికి ఇచ్చిన సమయం మూడు నిమిషాలు.

ఇంకో పాయింట్: చంద్రుడు తన చుట్టూ తాను తిరిగితే మనకు ఎప్పుడూ ఒకే ముఖం ఎందుకు కనిపిస్తుంది అని. దీనికి తిరుపతి పిల్లలకు బొమ్మలు గీసి చూపించనక్కర్లేదు, గుళ్లోకి తీసుకెళ్తే చాలు. తూర్పు ముఖంగా ఉన్న గుడిలో ప్రదక్షిణ మొదలుపెట్టినప్పుడు మన ముఖం దక్షిణానికి ఉంటుంది. తర్వాత పడమరకు, ఆపైన ఉత్తరానికి, చివరికి తూర్పుకు తిరుగుతుంది. గర్భగుడి వైపు మాత్రం మొదటి నుంచి చివరి దాకా కుడి భుజమే. గర్భగుడి చుట్టూ ఒక చుట్టు పూర్తయ్యేసరికి మన చుట్టూ మనం కూడా ఒక చుట్టు తిరిగేశాం. చంద్రుడు చేసేదీ అదే, 27 రోజుల పైచిలుకులో. మా మనవరాలు కపిలతీర్థంలో ప్రదక్షిణ చేస్తూ మధ్యలో ఆగిపోయి తన భుజం వైపు చూసుకుంది. నాకు అంతకంటే మంచి క్లాసు గుర్తు లేదు.

చంద్రుడికి సొంత వెలుగే ఉంటే, ఆ వెలిగే వైపు ఎప్పుడూ సూర్యుడి వైపే ఎందుకు తిరిగి ఉంటుంది? శుద్ధ అష్టమి సాయంత్రం పొద్దు గుంకేవేళ చూడండి. సగం చంద్రుడు ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు, వెలుగు సగం పడమరకు, అంటే సూర్యుడి వైపుకు. బహుళ అష్టమి తెల్లవారుజామున వెలుగు సగం తూర్పుకు. సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. పంచాంగం లెక్క ఆ కోణమే.

బల్లపరుపు వాదంలో సూర్యుడూ చంద్రుడూ కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తున దీపాల్లా మన పైన గుండ్రంగా తిరుగుతుంటారు. అలాగైతే అస్తమించడమే ఉండదు, దూరం పోయేకొద్దీ చిన్నగా కనిపించాలి. ఘాట్ రోడ్డు ఎక్కే బస్సు లైట్లు అలాగే కదా చిన్నవయ్యేది. ఆఫీసులో కాగితాలకు చిల్లు పెట్టే పంచింగ్ మిషన్‌తో ఒక అట్టకు చిల్లు పెట్టండి. చెయ్యి బారు చాపి దాంట్లోంచి చంద్రుణ్ణి చూడండి. రేణిగుంట వైపు పొడుస్తున్నప్పుడు పెద్దగా అనిపించిన చంద్రుడు ఆ చిల్లులో సరిగ్గా ఎంత పట్టాడో, నడినెత్తికి వచ్చాకా అంతే పడతాడు. సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడు మన ఊరి మీదికి వచ్చినా, అంచుకు పోయినా కంటికి తేడా తెలియదు.

మా పెద్దబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ఒక పున్నమికి ఇద్దరం ఒకే సమయానికి ఫొటోలు తీసి పంపుకున్నాం. మనకు తెలిసిన కుందేలు అక్కడ తలకిందులుగా ఉంది. చంద్రుడు దీపంలా మధ్యలో వేలాడుతుంటే, ఎదురెదురు నుంచి చూసేవాళ్లకు తలకిందులుగానే కనిపిస్తుంది కదా అని మా పిల్లే అడ్డం తగిలింది. మంచి ప్రశ్న. కానీ దగ్గర్లో వేలాడే బంతిని ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు చూస్తే ఇద్దరికీ చెరో ముఖం కనిపించాలి. రెండు ఫొటోల్లోనూ ఉన్నది అదే కుందేలు, అవే మచ్చలు. అంత దూరంగా ఉన్న చంద్రుణ్ణి ఒక గోళం మీద అటూ ఇటూ నిలబడి చూస్తేనే ఈ రెండూ కుదురుతాయి.

గ్రహణం గురించి కొంచెం జాగ్రత్తగా రాస్తున్నాను, మన ఊళ్లో అది భక్తితో ముడిపడిన విషయం. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం నాడు తిరుమలలో ఆనవాయితీ ప్రకారం తలుపులు వేశారు. శ్రీకాళహస్తిలో గ్రహణమప్పుడూ గుడి తెరిచే ఉంచి అభిషేకాలు చేస్తారు. ఆచారాలు వేరైనా రెండు చోట్లా చూసుకునేది ఒకే స్పర్శకాలం (గ్రహణం పట్టే వేళ), ఒకే మోక్షకాలం (విడిచే వేళ). నెలల ముందే నిమిషాలతో సహా చెప్పే ఆ లెక్క గుండ్రటి భూమి నీడ మీద నడుస్తుంది. చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ అని ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే చెప్పాడు. కదంబ పువ్వు చుట్టూ కేసరాలు ఉన్నట్టు భూమి చుట్టూ ప్రాణులున్నాయని ఆయనే అన్నాడు. ‘భూగోళం’ అని మనం అన్నప్పుడల్లా గోళమనే అంటున్నాం. ఆ రాత్రి మబ్బు తొలగినప్పుడల్లా మిద్దె మీంచి చూశాం. చంద్రుడి మీద పాకుతున్న నీడ అంచు వంపు తిరిగే ఉంది. పళ్లెం నీడ పక్కనుంచి వెలుగు పడితే గీతలా సన్నబడుతుంది. ఏ వైపు నుంచి వెలుగు పడినా గుండ్రటి నీడ ఇచ్చేది బంతి ఒక్కటే.

భూమి మధ్యలో అడ్డం ఉంటే ఇద్దరూ ఒకేసారి కనిపించకూడదు కదా, మరి గ్రహణ సమయంలో ఒక్కోసారి సూర్యుడూ చంద్రుడూ ఇద్దరూ ఆకాశం అంచుల్లో కనిపిస్తారే అన్న ప్రశ్నా డిబేట్‌లో వచ్చిందట. గాలి వెలుగును వంచడం వల్ల, కిందికి దిగిపోయిన సూర్యుడు ఇంకా పైనే ఉన్నట్టు కనిపిస్తాడు. ఆ వంపు దాదాపు అర డిగ్రీ, ఇంచుమించు చంద్రుడి వెడల్పంత.

ఇవన్నీ ఒక పెద్దాయన మనవరాలికి ఇంట్లో చెప్పుకునే కబుర్లుగా మిగిలిపోకూడదని ఈ ఉత్తరం. చంద్రయాన్-3 2023 జూలై 14న ఎగిరిన శ్రీహరికోట ఇప్పుడు మన జిల్లాలోనే ఉంది. గాదంకిలో వాతావరణాన్ని పరిశోధించే జాతీయ సంస్థ ఉంది. అలిపిరి దారిలో సైన్స్ సెంటర్ ఉంది. ఇన్ని పెట్టుకుని మన పిల్లలు చంద్రుడి గురించి ఫోన్‌లో వచ్చే రీళ్ల నుంచి నేర్చుకోవడం నాకు మనసుకు కష్టంగా ఉంది. విద్యాశాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే: ఈ అంశం మీద పోటీ పెట్టాలనుకునే బడి పోటీకి ముందు ఒక పక్షం రోజులు పిల్లల చేత చంద్రుణ్ణి చూపించి నోటుబుక్కులో రాయించాలి. ఎన్నింటికి పొడిచాడు, ఏ వైపు వెలిగాడు, అంతే.

మీకూ ఒక విన్నపం. మీ పత్రికలో రోజూ తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలంతో పాటు సూర్యోదయం, సూర్యాస్తమయం వేస్తున్నారు. వాటి పక్కనే తిరుపతికి చంద్రోదయం, చంద్రాస్తమయం కూడా వేయండి. ఒక్క లైను చోటు చాలు. సంకటహర చతుర్థికి ఉపవాసం ఉండే ఆడవాళ్లు ఆ వేళ కోసం ఇంటింటా అడుగుతుంటారు. రంజాన్‌కు నెలవంక కోసం చూసే మా వీధి వాళ్లకూ పనికొస్తుంది. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా పొడవడం పిల్లలు మీ పేపర్‌లో చదివి, మిద్దె మీద నిలబడి సరిచూసుకుంటారు.

మా దగ్గర రెండు థర్మామీటర్లు, చిల్లు పెట్టిన అట్టలు, ఒక పాత చాప ఉన్నాయి. ఏ బడి వాళ్లు పిలిచినా పున్నమికీ అమావాస్యకీ తీసుకుని వస్తాను. మా మనవరాలూ వస్తానంటోంది.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
కొర్లగుంట, తిరుపతి.